మూడో పాదంలో మేనేజరు

మా అన్నయ్యకు నత్తి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా లాండ్రీలో అందరూ దీన్ని చివర్లో, గొంతు తగ్గించి, అదేదో అంటుజబ్బయినట్టు చెబుతారు. నత్తి అంటే నత్తి. మాట మొదలవుతుంది, మొదటి అక్షరం దగ్గర ఇరుక్కుంటుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్లు మూతలు పడతాయి. ఈలోగా ఎదుటివాడు ఆ మాట తనే పూర్తి చేసేసి, పెద్ద ఉపకారం చేసినట్టు మొహం పెడతాడు. వాడు పూర్తి చేసిన మాట ఎప్పుడూ తప్పే. అన్నయ్య కత్తెర అడగబోతే కాగితం తెచ్చి ఇస్తారు, అన్నయ్య ఆ కాగితం పుచ్చుకుని ఊరుకుంటాడు. నేనైతే ఆ కాగితం వాళ్ల నోట్లో కుక్కేదాన్ని.

అన్నయ్యకు కోపం లేదని అందరూ అనుకుంటారు. కోపం చూపించాలంటే నోరు కావాలి కదా. ఆయన కోపమంతా చేతుల్లో ఉంటుంది. బల్ల మీద అరచేత్తో దబ్, దబ్, దబ్ అని మూడు దెబ్బలు వినిపించాయంటే మా వదిన కూడా వంటింట్లోంచి బయటికి రాదు. మూడూ గురువులే. దాన్ని మగణం అంటారని నాకు చిన్నప్పుడే తెలుసు.

మేమిద్దరం పనిచేసేది ఒకచోటే. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల బల్లగుడ్డలు మా లాండ్రీకి మూటలు మూటలుగా వస్తాయి. ఉతికి పిండిన తడి దుప్పటిని ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని రోలరుకు అందిస్తారు. రోలరంటే పెద్ద ఇనప గొట్టం, లోపలంతా ఆవిరి. దుప్పటి ఇటునుంచి తడిగా లోపలికి వెళ్లి అటునుంచి ఇస్త్రీ అయి వస్తుంది. అటుపక్క నిలబడి అందుకునేది అన్నయ్య. పక్కనున్న మడతల గదిలో నేను. ఆ గదిలో ఎండాకాలం, చలికాలం అన్న తేడా లేదు, ఎప్పుడూ ఒళ్లు మండుతూనే ఉంటుంది.

అన్నయ్యకు ఛందస్సు అబ్బింది బళ్లో. అక్కడి తెలుగు మాష్టారు మహా చిరాకు మనిషి. పిల్లల్ని వరసగా లేపి గణవిభజన చెప్పించేవాడు. అన్నయ్య వంతు వచ్చేసరికి క్లాసంతా నవ్వడానికి సిద్ధంగా ఉండేది. 'భ' అనడానికి అన్నయ్యకు సగం పిరియడ్ పట్టేది మరి. ఒకరోజు మాష్టారికి విసుగెత్తి, "నోరు మూసుకుని చేత్తో చెప్పరా! లఘువుకు వేలు, గురువుకు అరచెయ్యి, బల్ల మీద కొట్టు!" అని అరిచాడు. జాలితో అనలేదు, గంట కొట్టే వేళయిందని అన్నాడు. అన్నయ్య కొట్టడం మొదలుపెట్టాడు. కొడుతూ కొడుతూ ఉండగా నోరు దానంతటదే తెరుచుకుంది. నాలుగు పాదాలూ ఎక్కడా ఆగకుండా చదివేశాడు. అప్పుడు నేను పక్క క్లాసులో ఉన్నాను. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు.

నాకు ఛందస్సు ఎవరూ నేర్పలేదు. భోజనాల బల్ల అవతల కూర్చుని ఆ దెబ్బలు వినగా వినగా వచ్చింది. పొట్టి అక్షరం లఘువు, చిటికె వేసినంత సేపు. దీర్ఘం గురువు, దానికి రెండు చిటికెలు. పొట్టి అక్షరమైనా సరే, దాని తర్వాత ఒత్తున్న అక్షరం వచ్చి కూర్చుంటే ఆ బరువు ఇదే మోయాలి కాబట్టి అదీ గురువే. ఈ లఘువులూ గురువులూ రెండో మూడో నాలుగో కలిస్తే గణం. గణాల్ని లెక్క ప్రకారం పేరిస్తే పాదం. అంతే. దీనికి పండితులు అంతలా ఎందుకు బిగుసుకుపోతారో నాకు తెలియదు.

అన్నయ్యకు మాత్రం ఇవి మెట్లు. చీకట్లో మెట్లు దిగేవాడికి తర్వాతి మెట్టు ఎంత దూరంలో ఉందో తెలిస్తే కాలు తడబడదు. మామూలు మాటల్లో ఆ మెట్లు లేవు, అందుకే పడిపోతాడు. ఆటవెలది ఆయనకు సొంత ఇల్లు లాంటిది. నిలబడ్డచోట, అడిగిన విషయం మీద, అప్పటికప్పుడు కట్టేస్తాడు. ఆటవెలదిలో రెండు రకాల గణాలు. సూర్యగణం చిన్నది: మూడు లఘువులు, లేదా ఒక గురువు పక్కన ఒక లఘువు. ఇంద్రగణం కాస్త పెద్దది, అందులో రకరకాల కొలతలు. ఒకటో పాదంలో, మూడో పాదంలో మూడు సూర్యగణాల వెనక రెండు ఇంద్రగణాలుంటాయి. రెండో పాదం, నాలుగో పాదం మొత్తం సూర్యగణాలే. అంటే పొట్టి పొట్టి గదులు, పెద్ద సామాను పట్టదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీనివల్లే కొంప మునిగింది.

లాండ్రీలో ఆయన పేరే 'పద్యం'. ఎవరి పుట్టినరోజైనా, ఎవరి బదిలీ అయినా "ఏడీ మన పద్యం?" అని లాక్కొచ్చి నిలబెడతారు. అన్నయ్య తొడ మీద వేళ్లతో కొట్టుకుంటూ ఒకటి చెబుతాడు. చప్పట్లు. ఆ వెంటనే మామూలుగా ఏదో చెప్పబోయి "నా... నా..." అన్నాడంటే "ఆఁ, ఆఁ, తెలిసిందిలే" అని భుజం తట్టి వెళ్లిపోతారు. పద్యం కావాలి, మనిషి అక్కర్లేదు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది మా మేనేజరు. ఆ చప్పట్లు వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

అన్నయ్య మాట పూర్తయ్యేదాకా ఆగే మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు, మా ఫిట్టరు. ఓపికమంతుడేం కాదు. నోటి దురుసు మనిషి, బోల్టుతో మాట్లాడినా తిట్టే మాట్లాడతాడు. కానీ అన్నయ్య ఏదైనా చెబుతుంటే స్పానరు గుడ్డతో తుడుచుకుంటూ, మాట చివరికొచ్చేదాకా తుడుస్తూనే ఉంటాడు. అది మర్యాదో, అలవాటో నేనెప్పుడూ అడగలేదు.

ఇక జరిగిన సంగతి. రోలరు నోటి దగ్గర ఒక అడ్డుకమ్మి ఉంటుంది. చెయ్యి పొరపాటున లోపలికి పోబోతే ముందు ఆ కమ్మికి తగులుతుంది, తగలగానే మిషను ఠక్కున ఆగుతుంది. ఆ కమ్మి పాడైంది. దుప్పటి ముడత తగిలినా ఆగడం మొదలుపెట్టింది. ఫిట్టరు విప్పి చూసి స్ప్రింగు పోయిందన్నాడు, కొత్తది తెప్పించమన్నాడు. మేనేజరు స్వయంగా వచ్చాడు. "అది వచ్చేదాకా మిషను ఆపమంటావా? తీగ పెట్టి కట్టిపారెయ్!" అన్నాడు. ఫిట్టరు కట్టనన్నాడు. "కడతావా, కట్టేవాణ్ని తెచ్చుకోమంటావా?" అన్నాడు మేనేజరు. ఫిట్టరు తీగ తెచ్చి, మేనేజరు వెనక్కి తిరగ్గానే అతని ఏడు తరాల్నీ తిడుతూ కట్టాడు. మిషను ఆగిందని దుప్పట్లు అందించే ఆడవాళ్లు టీకి వెళ్లారు, ఇదంతా దగ్గరుండి చూసింది రోలరు అవతల నిలబడ్డ మా అన్నయ్య ఒక్కడే.

ఆ వారమే పిన్ని చెయ్యి పోయింది. పిన్ని ఎవరికీ సొంత పిన్ని కాదు, లాండ్రీ మొత్తానికి పిన్ని, దుప్పట్లు రోలరుకు అందించే మనిషి. కొస వేళ్లకు చుట్టుకుని చెయ్యి మణికట్టు దాకా లోపలికి వెళ్లింది. కమ్మి కదల్లేదు, మిషను ఆగలేదు. అవతలున్న అన్నయ్య అరవబోయాడు. అరుపు గొంతు దాటలేదు. రోలరు చుట్టూ పరిగెత్తి మీట లాగాడు. మడతల గదిలోంచి నేను బయటికి వచ్చేసరికి పిన్ని నేల మీద ఉంది, ఫిట్టరు గోడకేసి తల కొట్టుకుంటున్నాడు.

విచారణ వేశారు. ఎక్కడో పెద్ద పదవి చేసి దిగిపోయిన ఒకాయన్ని పెద్దగా కూర్చోబెట్టారు. పక్కన టైపిస్టు. ఇంకో పక్కన ఎవరనుకున్నారు? మేనేజరే. కంచే చేను మేస్తే అడిగేవాళ్లు ఉండరంటారు, ఇక్కడ కంచె కుర్చీ వేసుకుని మరీ కూర్చుంది. అన్నయ్యను లోపలికి పిలిచారు. నేను వరండాలో, తెరిచిన తలుపు పక్కన నిలబడ్డాను.

"ఫిట్టరు ఆ కమ్మిని ఏం చేశాడు? ఎందుకు చేశాడు?" అని అడిగాడు పెద్దాయన.

"ఫి... ఫి... ఫి..."

పెద్దాయన పెన్నుతో బల్ల మీద టకటకలాడించాడు. అప్పుడు మేనేజరు గొంతు వినిపించింది, తేనె పూసుకుని. "సార్, ఈయన మామూలుగా చెప్పలేడు. పద్యంలో అయితే గడగడా చెప్పేస్తాడు. చెప్పించండి, భలే ఉంటుంది." అది కుట్రో, సరదాయో నాకు ఇప్పటికీ తెలియదు. అతనికి రెండూ ఒకే మొహంతో వస్తాయి.

"ఓహో, అలాగా? కానియ్యండి మరి!" అన్నాడు పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలుతూ. ఒక మనిషి చెయ్యి నలిగిపోయిన సంగతి మీద విచారణ అది.

అన్నయ్య కొట్టడం మొదలుపెట్టాడు. పద్యం వచ్చింది.

అడ్డుకమ్మి మిషను నాపుచున్నదియని
తీగ తెచ్చి నగుచు తిప్పి కట్టె

"శభాష్!" అని పెద్దాయన చప్పట్లు కొట్టాడు. మేనేజరు ఇంకా గట్టిగా కొట్టాడు. "చాలు చాలు, అర్థమైంది. ఎంత బాగా చెప్పావయ్యా! వెళ్లిరా." అన్నయ్య మూడో పాదానికి చెయ్యి పైకెత్తి ఉన్నాడు. ఆ చెయ్యి అలాగే దించుకుని బయటికి వచ్చాడు.

ఇంటికి నడుస్తుంటే దారిలో, తొడ మీద కొట్టుకుంటూ, ఆ మూడో పాదం నాకు వినిపించాడు.

మెడలు వంచె నతని మేనేజరే వచ్చి

నాకు ఒళ్లు మండిపోయింది. "లోపల చెప్పాల్సిన మాట రోడ్డు మీద నాకు చెబితే ఏం లాభం అన్నయ్యా? మేనేజర్ని ముందే పెట్టొచ్చుగా!"

"ప... పట్టడు," అన్నాడు.

నిజమే, పట్టడు. మేనేజరు అన్న మాటలో మొదటి రెండక్షరాలూ దీర్ఘాలు. రెండు గురువులు పక్కపక్కనున్న మాటకు సూర్యగణాల పాదంలో చోటే ఉండదు, రెండో పాదం నిండా అవే. అందుకని మూడో పాదం చివర ఇంద్రగణాల్లో కూర్చోబెట్టుకున్నాడు. మేనేజర్లకు ఛందస్సులో కూడా పెద్ద గదే కావాలి కాబోలు. అతను ఆ గదిలోకి వచ్చేలోపే చప్పట్లు కొట్టి తలుపేసేశారు.

నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఫిట్టరు అడ్డుకమ్మిని నవ్వుతూ తీగతో కట్టివేసినట్టు ప్రత్యక్ష సాక్షి చెప్పాడట. కాబట్టి ఇది ఫిట్టరు నిర్లక్ష్యమట. మేనేజరే కట్టమన్నాడని అతను మొత్తుకుంటే, సాక్షి ఆ మాట అనలేదుగా అన్నారు. అతన్ని పనిలోంచి తప్పించారు, పోలీసులకు కూడా రాస్తామన్నారు. కాగితం నిండా వెతికినా మేనేజరు లేడు. స్ప్రింగు లేదు. ఫిట్టరు ఆ కాగితం ముందు నిలబడి చదివాడు, అన్నయ్య వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి ఆ మనిషి ఏమీ తిట్టలేదు. పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

మరుసటి ఆదివారం పిన్నిని చూడటానికి ఆస్పత్రికి వెళ్లాం. చెయ్యి కట్టుకట్టి దిండు మీద పెట్టారు. ఆ మంచం మీది దుప్పటి మా లాండ్రీదే, అంచు మీద మా గుర్తు ఉంది. పిన్ని మా బాగోగులన్నీ అడిగింది. ఆ తర్వాత ఉన్నట్టుండి అంది.

"తీగ కట్టాడంటే కట్టాడు నాయనా. పైవాళ్లు కట్టమంటే ఎవరైనా కడతారు, నేనైనా కడతాను. కానీ నవ్వుతూ కట్టాడటగా? మా చేతులంటే వాడికి నవ్వులాటగా ఉందా? రోజూ నన్ను పిన్నీ పిన్నీ అని పిలిచిన నోరే కదా అది!"

అన్నయ్య కుర్చీలో ముందుకు వంగాడు. "న... న... న..."

"నువ్వు బాధపడకు," అంది పిన్ని, బాగున్న చేత్తో ఆయన చెయ్యి పట్టుకుని. "నువ్వేం చేస్తావు? చూసింది చూసినట్టు చెప్పావు."

అన్నయ్య ఇంకా "న" దగ్గరే ఉన్నాడు. నర్సు వచ్చి టైమైపోయింది, వెళ్లమంది.

ఆస్పత్రి మెట్ల మీద నేను ఆయన్ని నిలబెట్టేశాను. "ఆ 'నగుచు' ఎక్కడినుంచి వచ్చింది అన్నయ్యా? ఫిట్టరు నవ్వడం నువ్వు చూశావా?"

"లే... లేదు."

"మరి?"

ఆయన మెట్ల పిట్టగోడ మీద కొట్టి చూపించాడు. తీగ. తెచ్చి. తర్వాత చెయ్యి గాల్లో ఆగింది. తిప్పి. కట్టె. నాకు అర్థమైంది, అర్థమైనకొద్దీ మంటెక్కింది. పాదం 'తీ' అని మొదలైతే నాలుగో గణం కూడా అలాంటి అక్షరంతోనే మొదలవ్వాలి, అది యతి. కాబట్టి 'తిప్పి కట్టె' ముందే వచ్చి కూర్చుంది. మధ్యలో మూడో గది ఖాళీ. అందులో మూడు లఘువులు పడాలి, పడకపోతే పద్యం కాలు విరుగుతుంది. పద్యం కాలు విరిగితే అన్నయ్య నోరు మూతపడుతుంది. ఇలాంటి సందులు పూడ్చడానికి పద్యాలు కట్టేవాళ్ల జేబులో ఎప్పుడూ కొన్ని చిల్లర మాటలుంటాయి. చెయ్యి పెడితే 'నగుచు' తగిలింది. తీసి పెట్టేశాడు.

"'అపుడు' అనొచ్చుగా!" అని అరిచాను. మెట్లెక్కుతున్నవాళ్లు తిరిగి చూశారు. "అదీ మూడు లఘువులేగా! 'తీగ తెచ్చి యపుడు తిప్పి కట్టె'. ఏ గొడవా ఉండేది కాదు! ఒక మనిషి ఉద్యోగం పోయింది, పరువు పోయింది, పిన్ని వాణ్ని అసహ్యించుకుంటోంది. అంతా నీ సందు పూడ్చడానికా?"

"నో... నోటికి... అదే వచ్చింది," అన్నాడు. పిట్టగోడ మీద అరచేత్తో కొట్టాడు, మూడుసార్లు, చెయ్యి కందిపోయేలా. ఆ కోపం ఎవరి మీదో నేను అడగలేదు.

సోమవారం ఆఫీసుకు వెళ్లి, మళ్లీ సాక్ష్యం చెబుతానని కాగితం పెట్టాడు. మేనేజరు గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ సంగతి అన్నయ్య ఇంటికొచ్చాక చెప్పాడు. "మొదట చెప్పింది తప్పంటే దాన్ని తప్పుడు సాక్ష్యం అంటారయ్యా. దానికి ఉద్యోగం ఊడుతుంది. నీ మంచికే చెబుతున్నాను, ఆలోచించుకో" అన్నాడట. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అన్నయ్య ఏం చెప్పబోతున్నాడో అడక్కుండానే భయపెట్టాడు.

ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలు, వదిన. వదిన కూర తరుగుతూ అంతా విని కత్తి పక్కన పెట్టింది. "పద్యంలో చెప్పి ఫిట్టరు కొంప ముంచారు. ఇప్పుడు మామూలుగా చెప్పి మన కొంప ముంచుతారా?" అంది. కాసేపటికి మళ్లీ తనే, "ముంచితే ముంచారు గానీ, ఈసారి సగం చెప్పి రాకండి" అని కత్తి అందుకుంది.

నేను ఊరుకోలేక ఒక సలహా ఇచ్చాను. "ఇంకో పద్యం కట్టు అన్నయ్యా. ఈసారి నిజాలన్నీ పెట్టి కట్టు. ఆగకుండా చెప్పేసి రా."

"వ... వద్దు," అన్నాడు. "చో... చోటు చాలకపోతే... అది ని... నిజాన్నే తోసేస్తుంది."

ఆ మాట పూర్తవడానికి చాలాసేపు పట్టింది.

రెండోసారి విచారణకు తోడుగా ఇంటిమనిషి ఒకరు లోపలికి రావచ్చన్నారు. నేను వెళ్లాను. అదే గది, అవే కుర్చీలు, మేనేజరు అదే చోట. పెద్దాయన అన్నయ్యను చూసి నవ్వాడు. "రావయ్యా కవిగారూ! ఈసారి ఏం వినిపిస్తావు? కందమా, సీసమా?"

అన్నయ్య కూర్చున్నాడు. రెండు చేతులూ ఒకదానిలో ఒకటి బిగించి ఒళ్లో పెట్టుకున్నాడు. అలా పెట్టుకుంటే ఆయనకు మెట్లు ఉండవు.

"ఆ... ఆ రోజు... క... క... కమ్మి..."

పెద్దాయన గడియారం చూసుకున్నాడు. "అమ్మా, మీరు చెప్పేయండి. మీకు తెలుసుగా. తొందరగా అయిపోతుంది."

"ఆయనకు నోరుంది సార్," అన్నాను. "మీకు చెవులున్నాయి."

పెద్దాయన మొహం ముడుచుకున్నాడు. అన్నయ్య నా వైపు చూడలేదు. కమ్మి అన్నాడు. స్ప్రింగు అన్నాడు. ఫిట్టరు కట్టనన్నాడని చెప్పాడు. ఒక్కో మాటా రాయి పైకి దొర్లించినట్టు వచ్చింది. చెమట గడ్డం మీదనుంచి చొక్కా మీద పడుతోంది. ఆ తర్వాత, కట్టమని ఎవరు చెప్పారో చెప్పాల్సిన చోటికి వచ్చాడు.

"మే... మే... మే..."

"మెకానిక్కా?" అన్నాడు పెద్దాయన.

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. "మే... మే..."

"మేస్త్రీయా?"

మళ్లీ కాదన్నట్టు ఊపాడు. మేనేజరు పైకప్పు వైపు చూస్తున్నాడు. ఆ మాట నా నాలుక చివర ఉంది, ఉమ్మేస్తే చాలు. పళ్లు బిగపట్టుకుని కూర్చున్నాను. వేలెత్తి చూపిస్తే క్షణంలో అయిపోయేది, ఆ మనిషి ఎదురుగానే ఉన్నాడు. కానీ వేలు చూపించింది కాగితం మీదికి ఎక్కదు. టైపిస్టు వేళ్లు మీటల మీద పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. అన్నయ్య ఆ అక్షరం మీద అలాగే నిలబడ్డాడు, దిగలేదు, వెనక్కి రాలేదు.

"మేనేజరు గారు," అన్నాడు. "మే... మేనేజరు గారు క... కట్టమన్నారు. కట్టకపోతే... తీ... తీసేస్తామన్నారు."

మేనేజరు లేచి ఏదో అనబోయాడు. పెద్దాయన చెయ్యి చూపి కూర్చోబెట్టాడు. "మరి ఫిట్టరు నవ్వాడన్నావు కదయ్యా?"

"న... న... నవ్వలేదు. తి... తిట్టుకుంటూ కట్టాడు."

"ఏమని తిట్టాడు?"

అన్నయ్య ఆ తిట్టు చెప్పాడు. మేనేజరు తల్లిని, తండ్రిని, అతను ఎక్కి తిరిగే బండిని కలిపి ఫిట్టరు తిట్టిన తిట్టు మొత్తం, ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. తిట్లకు నత్తి అడ్డం రాదని నాకప్పుడే తెలిసింది. టైపిస్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇదీ కొట్టాలా సార్?" అంది.

"కొట్టండి," అన్నాను నేను.

పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ గొంతులో కోపం లేదు, అదే నన్ను ఇంకా మండించింది. నిజంగానే తెలియక అడుగుతున్నాడు. "మొదటిరోజు ఎంత చక్కగా చెప్పావయ్యా! ఒక్క తడబాటు లేదు. ఇవాళేమైంది నీకు?"

అన్నయ్య చేతులు విప్పి బల్ల మీద పెట్టాడు. కొట్టలేదు. "ఆ... ఆ రోజు ప... పద్యం చెప్పానండి. ఇవాళ... జ... జరిగింది చెప్పాను."

"అంటే మొదటిది తప్పని రాసుకోమంటావా? రాస్తే నీ ఉద్యోగం..."

"రా... రా..." పెద్దాయన మధ్యలో ఏదో అనబోయి నన్ను చూసి ఆగాడు. "రాసుకోండి."

నెల తిరక్కుండా ఆర్డర్లు వచ్చాయి. ఫిట్టరును మళ్లీ పనిలోకి తీసుకున్నారు. ఆ సాయంత్రం అతను పిన్ని ఇంటికి వెళ్లాడు, వెళ్లి ఏం మాట్లాడుకున్నారో వాళ్లకే తెలుసు. తప్పుడు సాక్ష్యం చెప్పినందుకు అన్నయ్య ఉద్యోగం తీసేశారు. కమ్మిని కట్టించిన మేనేజరుకు మాత్రం ఇంకా పెద్ద లాండ్రీకి బదిలీ అయింది. ఇదీ న్యాయం. ఎవరైనా మంచికి మంచే జరుగుతుందని నా ముందు అంటే నేను ఇప్పుడు లేచి వెళ్లిపోతాను.

వారం తర్వాత ఆఫీసు గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. మంచినీళ్లు తాగి, చేతులు నలుపుకుంటూ విషయం చెప్పాడు. శనివారం మేనేజరు గారికి వీడ్కోలు సభ. అందరూ పద్యం కావాలంటున్నారు. నాలుగు మంచి ఆటవెలదులు రాసిస్తే చాలు, సభకు రానక్కర్లేదు, ఎవరో ఒకరు చదువుతారు. "పాతవన్నీ మనసులో పెట్టుకోకండి. మీలా గడగడా చెప్పేవాళ్లు మాకు ఎక్కడ దొరుకుతారు?" అన్నాడు.

నేను చెప్పు కోసం చూశాను. అన్నయ్య నన్ను చూసి తల ఊపాడు, వద్దని. కుర్చీ గుమాస్తా ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు. రాయను అంటే ఒక్క మాటతో అయిపోయేది. అన్నయ్య ఎందుకు రాయడో చెప్పడం మొదలుపెట్టాడు. కమ్మి దగ్గర మొదలుపెట్టి, స్ప్రింగు, తీగ, పిన్ని చెయ్యి, మూడో పాదం, చప్పట్లు, ఒక్కటీ వదలకుండా, తొడ మీద వేలైనా కదపకుండా, మామూలు మాటల్లో. ప్రతి మాట దగ్గరా ఆగుతూ, ఇరుక్కుంటూ. గుమాస్తా రెండుసార్లు "అర్థమైందండీ, అర్థమైంది" అన్నాడు. అన్నయ్య ఆగి, ఆ మాట మొదటి అక్షరం నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. గుమాస్తా లేవబోయాడు. అప్పటికే నేను వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"కూర్చోండి," అన్నాను. "ఇంకా అవలేదు."